పిల్లలతో, పెద్దవాళ్ళతో నాస్కార్ ఊళ్ళు చూసి రావడం ఎలా: అట్లాంటా నుంచి షార్లెట్ మీదుగా డేటోనా దాకా

షార్లెట్ మోటార్ స్పీడ్‌వే అనే కారు రేసుల ట్రాకులో టూర్ వ్యాను మలుపు దగ్గర ఆగినప్పుడు మా నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. శ్రీశైలం ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఆయనకు కంఠతా. తారు గోడలా పైకి లేచిన ఆ వాలు వైపు తలెత్తి చూసి, "ఏరా, దీనిమీద బండి నిలబడుతుందా? పల్టీ కొట్టదూ?" అన్నారు. అక్కడ వాలు 24 డిగ్రీలు. పది అడుగులు పక్కకు జరిగితే నాలుగున్నర అడుగులు పైకి ఎక్కినట్టు. టీవీలో ఎన్నేళ్ళు చూసినా ఇది తెలియదు, తెర మీద ట్రాకంతా చదునుగా కనిపిస్తుంది. మా అమ్మాయి అప్పటికప్పుడు దిగి ఆ వాలు మీద చెయ్యి ఆనించి చూసింది. గరుకుగా ఉందని చెప్పింది.

నాస్కార్ అంటే అమెరికాలో స్టాక్ కార్ రేసులు నడిపే సంస్థ. రేసులంటే ఇష్టం ఉన్నా లేకపోయినా, అమెరికా ఆగ్నేయ మూలన ఉన్న మన కుటుంబాలకు ఇది చక్కటి ప్రయాణం. అట్లాంటాలో బయలుదేరి మళ్ళీ అట్లాంటా చేరేసరికి సుమారు 1,400 మైళ్ళు. తిరగడానికి ఆరు రోజులు, ఆపైన ఇంటికి రావడానికి ఇంకొకటి. షార్లెట్‌లో ఉండేవాళ్ళకు రెండు మూడు రోజుల పని ఇంటి చుట్టుపక్కలే అయిపోతుంది. మేం రెండుసార్లు చేశాం. మొదటిసారి చేసిన పొరపాట్లు మీకు జరగకూడదని వివరంగా రాస్తున్నాను.

ముందు తేదీ ఖాయం చేసుకోండి

మొదటి ప్రయాణం రేసు లేని వారంలో పెట్టుకోండి. చాలామంది దీనికి ఒప్పుకోరు, "అంత దూరం వెళ్ళి రేసు చూడకుండా రావడమేంటి" అంటారు. కానీ రేసు వారంలో హోటళ్ళ ధరలు ఆకాశాన్నంటుతాయి, ట్రాకు లోపలికి మామూలు టూర్లు ఉండవు, చిన్నపిల్లలకు ఆ శబ్దం, ఎండ, జనం తట్టుకోవడం కష్టం. రేసు లేనప్పుడు అయితే వాలు కింద నిలబడొచ్చు, గెలిచినవాళ్ళు ఫొటో దిగే విక్టరీ లేన్‌లో మీరూ దిగొచ్చు, టూర్ చూపించే పెద్దవాళ్ళను తీరిగ్గా ప్రశ్నలు అడగొచ్చు. ఇవన్నీ చూశాక రేసుకు వెళ్తే పిల్లలకు ప్రతి మలుపూ అర్థమవుతుంది.

నాస్కార్ సీజన్ ఫిబ్రవరిలో మొదలై నవంబరు మొదట్లో ముగుస్తుంది. డేటోనా 500 ఫిబ్రవరిలో, షార్లెట్‌లో 600 మైళ్ళ రేసు మే నెలలో మెమోరియల్ డే ముందు ఆదివారం, డార్లింగ్టన్‌లో సదరన్ 500 లేబర్ డే వారాంతంలో జరుగుతాయి. ఈ మూడు వారాలూ వదిలెయ్యండి. మార్టిన్స్‌విల్‌లో వసంతంలో ఒకటి, శరత్తులో ఒకటి ఉంటాయి. స్ప్రింగ్ బ్రేక్ బాగా కుదురుతుంది. ఎండ మండదు, పిల్లలకు సెలవులు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు చలి బాధ ఉండదు.

రెండో సంగతి, టీముల వర్క్‌షాపులు సోమవారం నుంచి శుక్రవారం దాకానే తెరిచి ఉంటాయి. కాబట్టి షార్లెట్ చుట్టుపక్కల తిరిగే రోజులు వారం మధ్యలో వచ్చేలా చూసుకోండి. ఆదివారం ఇంట్లో బయలుదేరితే సరిగ్గా సరిపోతుంది. మ్యూజియాలకు వారంలో సెలవు రోజులు ఉంటాయి, అవి చూసుకుని ఈ కింద చెప్పిన వరసను ఒకరోజు అటూ ఇటూ మార్చుకోండి.

మూడోది మా అనుభవం. మొదటిసారి ఒక ట్రాకుకు మూడు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళాం. గేటు దగ్గర, ఆ రోజు ట్రాకును ఎవరికో అద్దెకిచ్చామని, టూర్ లేదని చెప్పారు. వెబ్‌సైటులో ఆ ముక్క లేదు. మావాడు కారెక్కి ఏడుస్తూనే నిద్రపోయాడు. రేసులు లేని రోజుల్లో ట్రాకులను డ్రైవింగ్ క్లాసులకు, షూటింగులకు అద్దెకు ఇస్తుంటారు. అందుకే టిక్కెట్టు చేతిలో ఉన్నా సరే, ఆ రోజు పొద్దున ఫోన్ చేసి అడిగాకే బయలుదేరండి.

బయలుదేరే ముందు రెండు కథలు చెప్పండి

స్టాక్ కార్ అంటే షోరూములో దొరికే కారునే రేసుకు దించడం. నాస్కార్ మొదలైనప్పుడు నిజంగా అంతే. ఇప్పటి కార్లను ప్రత్యేకంగా తయారుచేస్తారు గానీ పేర్లు మాత్రం క్యామ్రీ, మస్టాంగ్, క్యామరో అనే ఉంటాయి. మన ఇళ్ళ ముందు ఉండే క్యామ్రీ పేరుతోనే రేసు కారు పరుగెడుతుందంటే పిల్లల మొహాలు వెలిగిపోతాయి. ఆ కార్లకు హెడ్‌లైట్లు ఉండవని, అక్కడ స్టిక్కరు మాత్రమే ఉంటుందని, తలుపులు తెరుచుకోవని, డ్రైవరు కిటికీలోంచి దూరి లోపలికి వెళ్ళాక స్టీరింగ్ బిగించుకుంటాడని చెప్పండి. మ్యూజియంలో వాళ్ళంతట వాళ్ళే వెతుక్కుంటారు.

రెండో కథ నాటుసారాది. మద్య నిషేధం రోజుల్లోనూ, ఆ తర్వాత పన్నులు తప్పించుకోవడానికీ, ఉత్తర కరోలినా, జార్జియా కొండల్లో బట్టీలు పెట్టి సారా కాచేవారు. దాన్ని రాత్రిపూట కార్లలో పట్నాలకు చేరవేసేవారు. ఎక్సైజ్ వాళ్ళకు దొరక్కుండా ఉండాలని ఇంజిన్లకు పదును పెట్టి, సరుకు బరువుకు వెనకభాగం కుంగిపోకుండా స్ప్రింగులు గట్టివి వేసేవారు. ఎవరి కారు ఎక్కువ వేగమో తేల్చుకోవడానికి మొక్కజొన్న చేలలో, మట్టి ట్రాకుల మీద పందేలు మొదలయ్యాయి. పెద్దవాళ్ళకు ఈ కథ ఇట్టే అర్థమవుతుంది. మన ఊళ్ళలో నాటుసారా గొడవలు చూడనివాళ్ళెవరు?

కారులో ఏం పెట్టుకోవాలి

పులిహోర, చపాతీలు, పెరుగు డబ్బా, చిన్న రైస్ కుక్కర్ ఉంటే సగం టెన్షన్ పోతుంది. హోటల్ గదిలో మైక్రోవేవ్, ఫ్రిజ్ ఉన్నాయో లేదో బుక్ చేసేటప్పుడే చూసుకోండి. షార్లెట్‌లో ఇండియన్ కిరాణా షాపులు, టిఫిన్ సెంటర్లు కావలసినన్ని ఉన్నాయి. అక్కణ్ణుంచి బయటపడ్డాకే ఇబ్బంది.

చిన్న ఊళ్ళ హోటళ్ళలో శాకాహారులకు ఒక హెచ్చరిక. చిక్కుడుకాయల కూర, ఆకుకూర, బీన్స్ అని రాసి ఉన్నవాటిలో కూడా రుచి కోసం పంది మాంసం ముక్క వేసి ఉడికించడం అక్కడి అలవాటు. ప్రతిసారీ అడగండి, ఏమీ అనుకోరు. బెండకాయ ముక్కలు పిండిలో ముంచి వేయిస్తారు, అది మనవాళ్ళకు భలే నచ్చుతుంది. ఇక జార్జియా, దక్షిణ కరోలినా దారుల్లో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు వేడివేడిగా అమ్ముతారు. ఉప్పునీళ్ళలో నానిన ఆ కాయ ఒలవగానే మా అమ్మ, "మన చేలో కాయలే కదే ఇవి" అంది. ఆ బోర్డు కనిపిస్తే తప్పకుండా ఆపండి.

ఇవి కాక ఎండ టోపీలు, తేలిక రెయిన్‌కోట్లు, నాన్నగారి బీపీ మాత్రలు చేతికందే సంచిలో ఉండాలి, డిక్కీలో కాదు.

ఒకటో రోజు: డాసన్‌విల్ మీదుగా షార్లెట్

అట్లాంటాలో మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే కమ్మింగ్, ఆల్ఫరెట్టాలకు ఉత్తరాన, జీఏ-400 రోడ్డు మీద కాస్త పైకి వెళ్తే డాసన్‌విల్ వస్తుంది. ఎన్నో ఏళ్ళు ఆ పక్కనే ఉండి కూడా అవుట్‌లెట్ మాల్ దగ్గరే వెనక్కి తిరిగేవాళ్ళం. అక్కడ జార్జియా రేసింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. రేసు డ్రైవరు బిల్ ఎలియట్ ఆ ఊరివాడు. 1987లో అలబామాలోని టల్లడేగా ట్రాకు మీద, రేసుకు ముందు జరిగే క్వాలిఫయింగ్‌లో గంటకు 212.809 మైళ్ళ వేగంతో ల్యాప్ తిరిగాడు. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు, ఎందుకంటే ఆ తర్వాత పెద్ద ట్రాకుల మీద ఇంజిన్ బలానికి కళ్ళెం వేశారు.

ఊళ్ళో డాసన్‌విల్ పూల్ రూమ్ అని పాత హోటలు ఉంది. ఎలియట్ రేసు గెలిచినప్పుడల్లా దాని పైకప్పు మీది సైరన్ మోగిస్తారు. ఇప్పుడు బిల్ కొడుకు చేజ్ గెలిచినా అదే సైరన్. 2020లో చేజ్ ఛాంపియన్ అయ్యాడు. గోడల నిండా ఉన్న పాత ఫొటోలు చూస్తూ అరగంట కూర్చోండి. ఇక్కడ రెండు గంటలు చాలు. తర్వాత ఐ-85 పట్టుకుంటే సాయంత్రానికి షార్లెట్.

హోటలు కాంకర్డ్‌లో, స్పీడ్‌వే దగ్గర తీసుకోండి. ఎదురుగా పెద్ద మాల్, పక్కనే పిల్లల వాటర్ పార్కు రిసార్టు ఉన్నాయి. నాలుగు రాత్రులు ఒకే గదిలో ఉండొచ్చు. రోజూ సామాను సర్దే పని పెద్దవాళ్ళకు తప్పితే ప్రయాణం సగం హాయిగా ఉంటుంది.

రెండో రోజు: హాల్ ఆఫ్ ఫేమ్‌కు పూర్తి రోజు ఇవ్వండి

నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ షార్లెట్ నడిబొడ్డున ఉంది. 2010 మేలో తెరిచారు. పార్కింగ్ గొడవ లేకుండా వెళ్ళాలంటే యూనివర్సిటీ ఏరియాలో స్టేషన్ దగ్గర కారు పెట్టి లింక్స్ బ్లూ లైన్ రైలు ఎక్కండి. కన్వెన్షన్ సెంటర్ స్టేషన్లో దిగితే నాలుగడుగుల దూరం. పిల్లలకు రైలు ఎక్కినట్టూ ఉంటుంది.

లోపల మొదట కనిపించేది గ్లోరీ రోడ్. వంపు తిరిగిన ర్యాంపు మీద 18 పాత కార్లు వరసగా ఉంటాయి. మొదట చదునుగా ఉండి, పైకి వెళ్ళేకొద్దీ వాలు పెరుగుతూ చివరికి టల్లడేగాలో ఉన్నంత, 33 డిగ్రీలు అవుతుంది. ఇక్కడ తొందరపడకండి. ఒక్కో కారు దగ్గర ఆగి ఎడమ చక్రం, కుడి చక్రం మధ్య ఎంత ఎత్తు తేడా ఉందో పిల్లల్ని చూడమనండి. కారు వేగంగా తిరిగేటప్పుడు బయటికి కొట్టుకుపోబోతుంది, వాలు దాన్ని లోపలికి తోస్తుంది, అందుకే బ్రేకు పెద్దగా వేయకుండానే మలుపు తిరుగుతుంది. హైవే మలుపుల్లో రోడ్డు ఒకవైపు కాస్త ఎత్తుగా వేసేదీ ఇందుకే. మా నాన్న దీన్ని ఘాట్ రోడ్డు భాషలో చెప్పి పిల్లలకు అర్థం చేయించారు.

తర్వాత జూనియర్ జాన్సన్ పెట్టిన సారా బట్టీ చూడండి. నాటుసారా కుటుంబంలో పుట్టి, 1956లో నాన్న బట్టీ దగ్గర పట్టుబడి జైలుకు వెళ్ళి, బయటికి వచ్చాక మళ్ళీ రేసుల్లో దిగి, మొత్తం మీద 50 రేసులు గెలిచినవాడు. 1986లో అధ్యక్షుడు రీగన్ క్షమాభిక్ష ఇచ్చాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికైన మొట్టమొదటి ఐదుగురిలో ఒకడు. మ్యూజియం కోసం ఆ బట్టీని తన చేతులతో తయారుచేసి ఇచ్చాడు.

నాస్కార్‌లో అన్నిటికంటే పెద్ద పోటీని ఇప్పుడు కప్ సిరీస్ అంటారు. దాని మొదటి రేసు కథ ఇక్కడే చెప్పండి. 1949 జూన్ 19న షార్లెట్ మట్టి ట్రాకు మీద జరిగింది. గ్లెన్ డనవే మొదట వచ్చాడు. కానీ తనిఖీలో కారు వెనక స్ప్రింగుల దగ్గర మార్పు కనిపించింది. సారా మోసే కార్లకు చేసే మార్పే. అతన్ని తీసేసి, రెండో స్థానంలో వచ్చిన జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించారు. మా నాన్న నవ్వి, "కమాన్ కట్టలు మార్చుంటాడు, లోడు బండి కదా" అన్నారు. అదే రేసులో సారా క్రిస్టియన్ అనే ఆవిడ కూడా కారు నడిపింది. ఆడపిల్లలున్నవాళ్ళు ఈ పేరు తప్పకుండా చెప్పండి.

ఇంకొక పేరు వెండెల్ స్కాట్. వర్జీనియాలోని డాన్‌విల్ నుంచి వచ్చిన నల్లజాతి డ్రైవరు, తన కారు తనే బాగుచేసుకునేవాడు. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో గెలిచాడు. గెలుపు జెండా మాత్రం ఇంకొకరికి ఊపారు. గంటల తర్వాత, జనమంతా వెళ్ళిపోయాక లెక్క సరిచేసి అతనే విజేత అన్నారు. ట్రోఫీ కుటుంబానికి అందింది 2021లో. అప్పటికి అతను చనిపోయి 30 ఏళ్ళు దాటింది. మా అబ్బాయికి పదేళ్ళు. ఇది విని, "మరి ఆ రోజే ఎందుకివ్వలేదు?" అని అడిగాడు. ఇక్కడ చర్మం రంగుతో పెరుగుతున్న మన పిల్లలతో ఈ మాట మాట్లాడాలి, దాటవెయ్యకండి.

మధ్యాహ్నం ఆడుకునే వస్తువుల కోసం ఉంచండి. రేసు సిమ్యులేటర్లు ఉంటాయి, ఎత్తు పరిమితి ఉంటుంది కాబట్టి చిన్నవాళ్ళకు ముందే చెప్పండి. పిట్ స్టాప్ అంటే రేసు మధ్యలో టైర్లకూ పెట్రోలుకూ కారు ఆపడం. ఆ పోటీలో ఒకరు జాకీ ఎత్తాలి, ఒకరు టైరు మార్చాలి, ఒకరు పెట్రోలు పొయ్యాలి. అసలు టీములు నాలుగు టైర్లూ పది సెకన్ల అటూ ఇటులో మార్చేస్తాయి. 2022 నుంచి ఒక్కో చక్రానికి ఒకే నట్టు. మనం స్టెప్నీ మార్చడానికి ఎంతసేపు పడుతుందో పిల్లలకు గుర్తుచేయండి.

మూడో రోజు: ట్రాకు, వర్క్‌షాపులు, కన్నాపోలిస్

పొద్దున స్పీడ్‌వే టూర్. 1960లో మొదలైన ఈ ట్రాకు చుట్టుకొలత మైలున్నర. 600 మైళ్ళ రేసంటే దీనిమీద 400 చుట్లు. పొద్దుటి టూర్ తీసుకుంటే ఎండ తగలదు. వ్యానులో పెద్దవాళ్ళను కిటికీ పక్కన, వాలు కనిపించే వైపు కూర్చోబెట్టండి. పైకి చూస్తే ఆకాశం బదులు తారు కనిపిస్తుంది, ఆ చూపు కోసమే.

ట్రాకు వెనకే హెండ్రిక్ మోటార్‌స్పోర్ట్స్ ఆవరణ. 1984లో రిక్ హెండ్రిక్ మొదలుపెట్టాడు. జెఫ్ గోర్డన్ నాలుగు టైటిళ్ళు, జిమ్మీ జాన్సన్ ఏడు టైటిళ్ళు ఈ టీముతోనే గెలిచారు. ఆ కార్లను మ్యూజియంలో దగ్గర్నుంచి చూడొచ్చు. తర్వాత ఐ-77 మీద మూర్స్‌విల్ వెళ్ళండి. టీమ్ పెన్స్‌కీ వర్క్‌షాపులో పైన నడవా ఉంటుంది, దాని మీద నిలబడితే కింద మెకానిక్కులు పనిచేయడం కనిపిస్తుంది. నేల అద్దంలా ఉంటుంది. పానాలు ఏ సైజుకు ఆ సైజు వరసలో సర్ది ఉంటాయి.

ఇన్ని టీములు ఈ చుట్టుపక్కలే ఎందుకున్నాయని పిల్లలు అడుగుతారు. విజయవాడ ఆటోనగర్ ఉదాహరణ చెప్పండి. ఒకచోట లేత్ మిషన్ వాడు, పక్కన పెయింటింగ్ వాడు, ఎదురుగా స్పేర్ పార్టుల షాపు ఉంటే ఎక్కడెక్కడి లారీలూ అక్కడికే వస్తాయి. పనివాళ్ళు, విడిభాగాలు, పెద్ద ట్రాకు ఒకేచోట ఉన్నాయి కాబట్టి టీములూ ఇక్కడే స్థిరపడ్డాయి.

సాయంత్రం కన్నాపోలిస్ వెళ్ళండి, కాంకర్డ్ పక్కనే. నూలు మిల్లు చుట్టూ పుట్టిన ఊరు. ఏడుసార్లు ఛాంపియన్ అయిన డేల్ ఎర్న్‌హార్ట్ ఇక్కడే పుట్టాడు. తండ్రి రాల్ఫ్ కూడా రేసులు నడిపినవాడే. తొమ్మిదో తరగతిలో బడి మానేసి కార్ల వెంట పడిన కుర్రాడికి ఊరి మధ్య తొమ్మిదడుగుల కంచు విగ్రహం ఉంది. సూటూ బూటూ లేదు, జీన్స్ వేసుకుని చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. 2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 ఆఖరి ల్యాప్‌లో గోడకు గుద్దుకుని చనిపోయాడు. ఆ తర్వాతే తల, మెడ ఊగిపోకుండా పట్టి ఉంచే హాన్స్ పరికరం తప్పనిసరి చేశారు, ట్రాకు గోడలకు దెబ్బను మింగే మెత్తటి అడ్డాలు కట్టారు. ఆయన తర్వాత కప్ సిరీస్ రేసులో మరో డ్రైవరు చనిపోలేదు. విగ్రహం దగ్గర ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి మౌనంగా నిలబడతారు. పిల్లల్ని అరవొద్దని ముందే చెప్పండి.

నాలుగో రోజు: లెవెల్ క్రాస్

కాంకర్డ్ నుంచి గంటంపావు, గంటన్నర దూరంలో రాండల్‌మన్ దగ్గర లెవెల్ క్రాస్ అనే పల్లె. రిచర్డ్ పెట్టీ ఇల్లూ, పాత షెడ్డూ, మ్యూజియం అన్నీ ఒకే చోట. ఈ మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. 200 రేసులు గెలిచాడు, ఇంకెవరూ దగ్గరికి కూడా రాలేదు. 1967లో ఒక్క ఏడాదిలో 27, అందులో పది వరసగా. రెండొందలవది 1984 జూలై 4న డేటోనాలో. కారు రంగుకు ఒక కథ ఉంది. ఒకసారి షెడ్డులో ఉన్న నీలం గానీ తెలుపు గానీ ఒక్కటీ కారంతటికీ సరిపోలేదట. రెండూ కలిపేశారు. ఆ లేత నీలమే 'పెట్టీ బ్లూ' అయింది. గొప్ప టీము అంటే పెద్ద ఫ్యాక్టరీ అనుకునే పిల్లలు ఆ పాత రేకుల షెడ్డు చూడాలి.

మధ్యాహ్నం యాష్‌బరోలో నార్త్ కరోలినా జూ, చాలా పెద్దది. వరసగా మూడు రోజులు కార్లే చూసిన పిల్లలకు ఏనుగులు చూపించి ఊపిరి తీసుకోనివ్వండి. ఓపికున్నవాళ్ళు జూ మానేసి ఉత్తరానికి గంట దూరంలోని మార్టిన్స్‌విల్ వెళ్ళొచ్చు. 1947 నాటి చిన్న ట్రాకు, చుట్టుకొలత అర మైలు పైచిలుకు. అక్కడ గెలిచినవాళ్ళకు నిలువెత్తు గడియారం బహుమతిగా ఇస్తారు. చిన్నపిల్లలుంటే నేను వద్దనే అంటాను.

ఐదో రోజు: డార్లింగ్టన్, అక్కణ్ణుంచి సవానా

షార్లెట్ నుంచి డార్లింగ్టన్ రెండు గంటలు. లోపలికి వెళ్ళే వీలుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, లేకపోతే బయట ఆగి కథ చెప్పుకుని సాగిపోండి. కథ బాగుంటుంది. హెరాల్డ్ బ్రాసింగ్టన్ పొలంలో ట్రాకు కట్టాలనుకున్నప్పుడు, స్థలం అమ్మినాయన ఒక్క షరతు పెట్టాడు, తన చేపల చెరువు జోలికి రాకూడదని. చెరువును తప్పించడానికి ట్రాకు ఒక కొసను సన్నగా తిప్పారు. అందుకే అది కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, ఒకవైపు మలుపులకు కుదిరిన కారు రెండోవైపు ఇబ్బంది పెడుతుంది. 1950లో మొదటి సదరన్ 500లో 75 కార్లు దిగాయి, ఆరు గంటలు పైనే పట్టింది. అందరి టైర్లూ పేలిపోతుంటే, లారీ టైర్లు వేసుకుని నెమ్మదిగా నడిపిన జానీ మాంట్జ్ గెలిచాడు. ఆ రోజంతా మా నాన్న ఈ కథే చెప్పుకున్నారు.

ఐ-95 ఎక్కి సాయంత్రానికి సవానా చేరి పడుకోండి. ఒకే రోజు డేటోనా దాకా నడపాలనుకోకండి, డార్లింగ్టన్ నుంచి సుమారు 390 మైళ్ళు.

ఆరో రోజు: డేటోనా

డేటోనా ట్రాకు మలుపుల్లో వాలు 31 డిగ్రీలు. పది అడుగులకు ఆరడుగుల ఎత్తు. షార్లెట్ చూసి వచ్చిన పిల్లలకు తేడా వెంటనే తెలుస్తుంది, అందుకే దీన్ని చివరికి పెట్టాను. చెప్పులు జారే రకం వేసుకోకండి. ట్రాకు మధ్యలో పెద్ద చెరువు కనిపిస్తుంది, పేరు లేక్ లాయిడ్. వాలు ఎత్తడానికి కావలసిన మట్టిని అక్కడే తవ్వారు, ఆ గుంత చెరువైంది. మన ఊళ్ళలో రోడ్డు కట్టకు మట్టి తీసిన గుంతలు చెరువులైనట్టే. ఆ ఏటి డేటోనా 500 గెలిచిన కారును రేసు ముగిసినప్పుడు ఎలా ఉందో అలాగే, సొట్టలు, మసి, చల్లిన రంగు కాగితాలతో సహా ఏడాదిపాటు ఇక్కడ ఉంచుతారు. కారుకు అంటుకున్న కాగితం ముక్కలు ఎన్నో లెక్కపెట్టమంటే మా పిల్లలు పావుగంట కదల్లేదు.

1959లో మొదటి డేటోనా 500లో రిచర్డ్ తండ్రి లీ పెట్టీ, జానీ బోషాంప్ ఒకేసారి గీత దాటారు. ముందు బోషాంప్ అన్నారు. ఫొటోలు, రీళ్ళు తెప్పించి చూసి మూడు రోజుల తర్వాత లీ పెట్టీ అని తేల్చారు.

ఊళ్ళో సముద్రం రోడ్డు మీద స్ట్రీమ్‌లైన్ హోటల్ ఉంది. 1947 డిసెంబరులో బిల్ ఫ్రాన్స్ కొందరిని పిలిచి, దాని పై అంతస్తులో కూర్చుని నాస్కార్‌కు రూపం ఇచ్చాడు. బయట నిలబడి చూస్తే చాలు.

రెండోసారి వచ్చి రేసు చూస్తే

పిల్లలకు చెవులు మూసే హెడ్‌సెట్లు ముందే కొనండి, పెద్దవాళ్ళకు కూడా. చెవిలో దూది సరిపోదు. నెలల పిల్లల్ని తీసుకెళ్ళకండి. టిక్కెట్లు పై వరసల్లో తీసుకోండి. కింది వరసల్లో కారు కంటి ముందు రెప్పపాటు కనిపించి మాయమవుతుంది, పైగా అరిగిన టైరు ముక్కలు, దుమ్ము మీద పడతాయి. పై నుంచైతే మొత్తం ట్రాకు కనిపిస్తుంది. చాలా ట్రాకుల్లో 14 అంగుళాల లోపు మెత్తటి సంచిలో మన తిండి, నీళ్ళు తీసుకెళ్ళనిస్తారు. పులిహోర, మజ్జిగ సీసా పట్టుకెళ్ళి హాయిగా తిన్నాం. గొడుగులు రానివ్వరు, రెయిన్‌కోటు పెట్టుకోండి. వాన పడితే పెద్ద ట్రాకుల మీద రేసు ఆపేస్తారు, మర్నాటికి కూడా వాయిదా పడొచ్చు. కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒకరోజు వెసులుబాటు ఉంచుకోండి. డ్రైవర్లు, టీమువాళ్ళు మాట్లాడుకునేది వినే రేడియో అద్దెకు దొరుకుతుంది, కనీసం ఒకటి తీసుకోండి. రేసు అయ్యాక పార్కింగ్ లాట్ నుంచి బయటపడటానికి గంటా గంటన్నర పడుతుంది. అప్పటికి తినడానికి కాస్త అట్టేపెట్టండి.

చివరి సాయంత్రం ఇసుక మీద

డేటోనాలో చివరి రెండు గంటలు బీచ్‌కు ఉంచండి. ట్రాకు కట్టక ముందు, 1936 నుంచి 1958 దాకా రేసులు సముద్రపు ఒడ్డునే జరిగేవి. ఇసుక మీద ఉత్తరానికి వచ్చి, మలుపు తిరిగి, పక్కనున్న తారు రోడ్డు మీద దక్షిణానికి. ఇప్పటికీ కొన్ని చోట్ల డబ్బు కట్టి మన కారును ఇసుక మీదికి తీసుకెళ్ళొచ్చు. ఆటుపోట్ల వేళలు చూసుకుని, పోటు తగ్గి ఇసుక గట్టిగా ఉన్నప్పుడే దిగండి. గుర్తులు పెట్టిన దారి దాటి మెత్తటి ఇసుకలోకి వెళ్తే చక్రాలు కూరుకుపోతాయి. కిటికీ అద్దాలు దించాలి, హెడ్‌లైట్లు వెయ్యాలి. వేగ పరిమితి గంటకు 10 మైళ్ళు.

మా నాన్న ముందు సీట్లో కూర్చుని, అద్దం దించి, చెయ్యి బయట పెట్టుకున్నారు. వెనక పిల్లలిద్దరూ రేసు కామెంటరీ మొదలుపెట్టారు. ఆ నడకలాంటి వేగంలోనే లీ పెట్టీ, బోషాంప్ ఇద్దరూ ఒకరినొకరు దాటుకుంటూ వెళ్ళారు. పాత ఉత్తరపు మలుపు ఉన్న చోట ఇప్పుడొక రెస్టారెంటు ఉంది, అక్కడ దిగి గోడల మీది ఫొటోలు చూస్తూ అన్నం వేళ దాకా కూర్చున్నాం.

తిరిగి బయలుదేరే ముందు దారిలో కార్ వాష్ దగ్గర ఆగి, చక్రాల లోపలి వైపూ, కారు అడుగు భాగమూ ఉప్పు పోయేదాకా నీళ్ళు కొట్టించండి. అక్కణ్ణుంచి అట్లాంటాకు ఏడు గంటలు.